బాగున్నానండి

మా పక్కింటి పిన్నికి తోడుగా న్యూజెర్సీలో సోషల్ సెక్యూరిటీ హియరింగ్ ఆఫీసుకి వెళ్లాను. పిన్నికి 47 ఏళ్లు. గోడౌన్‌లో పెట్టెలు సర్దే పని చేసేది. షుగర్ వల్ల నరాలు దెబ్బతిని రెండు చేతులూ మొద్దుబారాయి. డిజెబిలిటీ భృతి దరఖాస్తును రెండుసార్లు కాదన్నారు. రెండోసారి కాదన్న ఉత్తరం అందాక 60 రోజుల్లోపు అప్పీలు చేసుకుంటే ఈ విచారణ దక్కింది.

కోర్టంటే పిన్నికి ముందునుంచీ గుండెదడ. తీరా చూస్తే చిన్న గది. జడ్జి వెనక జెండా, బల్ల మీద మైకులు. బయటివాళ్లను రానివ్వరు. పిన్ని కోరితే జడ్జి నన్ను కూర్చోనిచ్చారు. పిన్ని పక్కన లాయరు, ఫోన్లో తెలుగు దుబాసీ, ఇంకో లైన్లో ఉద్యోగాల సంగతి తెలిసిన నిపుణుడు. ప్రభుత్వం తరఫున వాదించే లాయరంటూ ఎవరూ లేరు. కాబట్టి రెండు వైపులా చూడాల్సిన బరువు జడ్జి మీదే. నిజాలు వెలికితీయడం, భృతి ఇవ్వడానికీ ఇవ్వకపోవడానికీ ఉన్న వాదనలు రెండింటినీ పరిశీలించడం జడ్జి విధి అని అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ 2000లో సిమ్స్ కేసులో రాశారు.

పిన్ని ప్రమాణం చేసింది. "ఎలా ఉన్నారు?" అని అడిగారు జడ్జి.

"బాగున్నానండి."

నా గుండె గుభేలుమంది. ఎవరడిగినా మనం చెప్పే మాటే అది. ఇక్కడ అదే రికార్డుకెక్కింది. జడ్జి ఒక్క క్షణం ఆగారు. "పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పండి" అన్నారావిడ.

పిన్ని మెల్లగా మొదలుపెట్టింది. అన్నం వార్చబోతే గిన్నె జారి గంజి కాళ్ల మీద పడిందట. అప్పట్నుంచీ బాబాయే వారుస్తున్నాడు. జాకెట్టు హుక్కులు కూతురు పెడుతుంది. గిన్నె ఎంత బరువు, పట్టు ఎంతసేపు ఉంటుంది, తిమ్మిరి ఎప్పుడు ఎక్కువ... జడ్జి ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు.

మన సదరం శిబిరంలో వైకల్యాన్ని శాతాల్లో కొలుస్తారు. ఇక్కడ శాతం లేదు. జబ్బు కనీసం 12 నెలలు ఉండేదా, చేసిన పని మళ్లీ చేయగలరా, పోనీ వేరే పనైనా చేయగలరా అని మెట్టు మెట్టుగా చూస్తారు. చివరి మెట్టు దగ్గర జడ్జి నిపుణుణ్ని అడిగారు: "ఇదే వయసు, ఇదే చదువు ఉన్న మనిషి తేలికపాటి బరువులు ఎత్తగలదనుకోండి. పని ఉందా?" ఉందంటూ ఆయన మూడు ఉద్యోగాలు చెప్పాడు. "పనివేళల్లో 15 శాతం సేపు చేతులకు విశ్రాంతి కావాల్సివస్తే?" ఈసారి ఒక్కటీ లేదన్నాడు. వార్చలేని గిన్నె, పెట్టుకోలేని హుక్కు ఆ రెండో ప్రశ్నలోకి చేరాయని నాకప్పుడు అర్థమైంది.

తీర్పు పోస్టులో వస్తుంది. కాదంటే అప్పీల్స్ కౌన్సిల్, ఆపైన ఫెడరల్ కోర్టు ఉన్నాయి. అయితే ఆ కోర్టు ముఖ్యంగా చూసేది ఈ గదిలో తయారైన రికార్డునే. ఇక్కడ అడగనిది అక్కడికి చేరడం కష్టం. అందుకే ఈ జడ్జి కుర్చీలో ఓపిగ్గా అడిగే మనిషి కూర్చోవాలి.

బయటికొచ్చాక కారు తలుపు నేనే తీశాను. పిన్ని కూర్చుంటూ అంది: "ఆవిడ ఊరికే పలకరించలేదు నాయనా, తెలుసుకుందామనే అడిగింది."