ధమనిలో దాగిన గడ్డ

గుండె నుండి వెలువడి, వెన్నెముక ముందుభాగాన ఉదరంలోకి దిగే బృహద్ధమని మానవదేహంలోని ధమనులన్నింటిలోకి పెద్దది. ఉదరభాగంలో దాని వ్యాసం సుమారు 2 సెంటీమీటర్లు. వయసు మీరినవారిలో, ముఖ్యంగా పొగతాగే పురుషులలో, ఒక్కొక్కప్పుడు దాని గోడ బలం క్షీణించి బుడగవలె ఉబ్బుతుంది. వ్యాసం 3 సెంటీమీటర్లకు చేరితే వైద్యులు దానిని ‘అన్యూరిజమ్’ అంటారు. చాలామందికి నొప్పి ఏమీ తెలియదు.

కాలువలో వడిగా పారే నీరు చెరువులో చేరగానే నెమ్మదించి ఒండ్రు వేస్తుంది. ఉబ్బిన ధమనిలో రక్తం తీరూ అదే. గోడ పక్కన ప్రవాహం మందగించి, నెత్తురు పొరమీద పొరగా గడ్డకడుతుంది. నడుమ మాత్రం రక్తం పారే దారి మిగులుతుంది.

ఆ దారే వైద్యుని మోసగించగలదు. యాంజియోగ్రామ్‌లో కనిపించేది రక్తం పారే మేర మాత్రమే; గడ్డ కనబడదు. అందుచేత పెద్ద ఉబ్బు సైతం మామూలు నాళంలా తోచవచ్చు. అల్ట్రాసౌండ్, సి.టి. స్కాన్ పరీక్షలు గడ్డనూ వెలుపలి గోడనూ కూడా చూపుతాయి. కొలవవలసింది ఆ గోడల మధ్య దూరాన్నే.

లోపల అంటిన ఈ గడ్డ గోడకు అండ కదా అనిపించడం సహజం. కొంత ఒత్తిడిని అది తనపై వేసుకుంటుందన్న మాట నిజమే కావచ్చు. కాని దాని మందం వల్ల అడుగునున్న గోడకు ప్రాణవాయువు సరిగా అందక, ఆ గోడ మరింత బలహీనపడుతుంది. గడ్డ తునకలు విడివడి కాళ్ళ నాళాలను మూసివేయడమూ కద్దు. ప్రకృతి వేసిన ఈ పూతను నమ్ముకోవడానికి లేదు.

వెలుపలి నుండి అండ కల్పించాలని వైద్యులూ ప్రయత్నించారు. 1948లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ఉదరంలో పెద్ద ఉబ్బు బయటపడింది. దానిని తొలగించి వేరొక నాళం అమర్చే విద్య అప్పటికి లేదు. న్యూయార్క్‌లో రుడాల్ఫ్ నిసెన్ అనే శస్త్రవైద్యుడు దాని చుట్టూ సెల్లోఫేన్ చుట్టాడు. మిఠాయి పొట్లాలకు చుట్టే సెల్లోఫేనే! దాని ఒరిపిడికి చుట్టూ ఉన్న కణజాలం గట్టిపడి ఉబ్బును పట్టి ఉంచుతుందని ఆశ. ఐన్‌స్టీన్ మరో ఆరేళ్ళకు పైగా జీవించాడు. 1955 ఏప్రిల్‌లో ఉబ్బు చిట్లింది. 1951లోనే పారిస్‌లో షార్ల్ ద్యుబో నాళమార్పిడి చేసి చూపినప్పటికీ, ఐన్‌స్టీన్ శస్త్రచికిత్సకు అంగీకరించలేదు. ఆ నెల 18న ప్రిన్స్‌టన్‌లో కన్నుమూశాడు.

ఇప్పుడు చిన్న ఉబ్బులను స్కానింగుతో గమనిస్తూ ఉంటారు. పురుషులలో 5.5 సెంటీమీటర్లకు చేరితే సాధారణంగా చికిత్సకు పూనుకుంటారు. గడ్డ ఉన్నదన్న ఒక్క కారణంతో రక్తాన్ని పలచబరచే మందులు మామూలుగా ఇవ్వరు. ఉదరం తెరచి చేసే చికిత్సలో గడ్డను తోడివేసి కృత్రిమ నాళాన్ని కుడతారు. 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో హువాన్ పరోది చేసి చూపిన పద్ధతిలో గజ్జలోని ధమని గుండా కృత్రిమ నాళాన్ని లోపలికి పంపుతారు. అందులో గడ్డను కదపరు. రక్తం చేరని ఉబ్బు చాలావరకు క్రమంగా కుదించుకుపోతుంది. ఎక్కడైనా మళ్ళీ రక్తం ఊరుతున్నదేమో చూడడానికి ఆ రోగులు ఏళ్ళ తరబడి స్కానింగుకు వస్తూనే ఉండాలి.