సైకిలెక్కిన సంసారి

"ఉద్యోగం పోయిందా నాన్నా? కారు అమ్మేశావా?"

సైకిలు కొన్నానని ఫోనులో చెప్పగానే తెనాలి నుంచి మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆవిడ తప్పేమీ లేదు. మన లెక్కలో సైకిలు తర్వాత స్కూటరు, స్కూటరు తర్వాత కారు. ఈ మెట్లు ఎక్కడమే గాని దిగడం ఎక్కడుంది? సముద్రాలు దాటి న్యూజిలాండు వచ్చి, ఆక్లండులో దాదాపు ఇరవై ఏళ్ళు కాపురం చేసిన కొడుకు చివరికి సైకిలెక్కాడంటే ఏ తల్లికైనా గుండె గుభేలుమంటుంది.

అసలు సంగతి ఇదీ. 2022లో నాకు నలభై తొమ్మిది నిండాయి. డాక్టరు గారు రక్తపరీక్ష కాగితం చూసి "నలభై నాలుగు" అన్నారు. నా వయసు తగ్గించి చెబుతున్నారేమోనని సంతోషించబోయాను. తీరా అది హెచ్‌బీఏ1సీ అంకె. ఇక్కడి కొలతలో 41 నుంచి 49 దాకా ఉంటే చక్కెర జబ్బు గుమ్మంలో నిలబడ్డట్టు, 50 దాటితే లోపలికొచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు. మన దక్షిణాసియా వాళ్ళకి ఒళ్ళు పెద్దగా లేకపోయినా ఈ జబ్బు ముందుగానే వస్తుందట. మన మగవాళ్ళు ముప్ఫై ఏళ్ళకే, ఆడవాళ్ళు నలభైకే గుండె పరీక్షలు మొదలుపెట్టాలని ఇక్కడి ఆరోగ్యశాఖ 2018లోనే చెప్పిందన్న సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది.

వారానికి కనీసం రెండున్నర గంటలు ఒళ్ళు కదలాలన్నారు. నడుద్దామంటే మోకాలు మొరాయిస్తుంది. పరుగు మాట సరేసరి. ఈత రాదు. ఇక మిగిలింది సైకిలు.

"చిన్నప్పుడు తొక్కిందేగా, ఎక్కడికి పోతుంది!" అనుకున్నాను. మా నాన్నగారి సైకిలు మీదే నేర్చుకున్నాను. సీటు అందక కడ్డీ కిందనుంచి కాలు దూర్చి, ఒంటిని వంకర తిప్పి మా వీధంతా తొక్కేవాణ్ణి. మోచిప్పల మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. కాని ఇక్కడి సైకిలు వేరు. రెండు కాళ్ళూ నేలకి ఆనేలా సీటు దించమని దుకాణంలో అడిగితే ఆ కుర్రాడు నవ్వాడు. తొక్కుడు కిందికి వెళ్ళినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండాలట. సీటు మరీ కిందికి ఉంటే బరువంతా మోకాళ్ళ మీద పడుతుందట. హెల్మెట్టు ఎలాగూ తప్పదు, 1994 జనవరి 1 నుంచి ఇక్కడ అది చట్టం. మెత్త కుట్టిన బిగుతు చెడ్డీ కూడా అంటగట్టాడు. అది తొడుక్కుని హాల్లోకి వస్తే మా శ్రీమతి నన్ను ఎగాదిగా చూసి, "ఏమండీ, శాండ్రింగ్‌హామ్ రోడ్డులో మనవాళ్ళ కొట్ల వైపు మాత్రం వెళ్ళకండి" అంది. ఆ మాట మన్నించి పైన పాత లాగు తొడుక్కున్నాను.

మా ఇల్లు మౌంట్ రాస్కిల్‌లో. పుట్టిన ఊరేమో కృష్ణా డెల్టాలో, ఎటు చూసినా బల్లపరుపు నేల. ఈ ఆక్లండు యాభైకి పైగా పాత అగ్నిపర్వతాల మీద లేచిన ఊరు. మొదటి ఆదివారం మా వీధి చివరి ఎత్తు దగ్గరే ఊపిరి అందక దిగిపోయాను. ఎత్తు రాకముందే గేరు మార్చుకోవాలి, ఎక్కుతూ మార్చకూడదు అని తెలియడానికి రెండు వారాలు పట్టింది. మూడో వారం తడి ఆకుల మీద బ్రేకు వేసి పడ్డాను. కుక్కని తిప్పుకుంటున్న ఒక ముసలావిడ నన్ను లేవదీసి, మోచేతి రక్తం తుడిచి, నేను కుదుటపడేదాకా పక్కనే నిలబడింది. ఇంట్లో చెప్పలేదు. అయిదు రోజులు పొడుగు చేతుల చొక్కాలు వేసుకున్నాను. ఆరో రోజు చొక్కా ఉతుకుతూ మరక చూసి మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయలేను, ఇది పండుగ సంచిక.

అయినా మానలేదు. మా ఇంటి దగ్గర మోటారు రహదారి పక్కనుంచే సైకిలు దారి ఉంది. 2017లో వాటర్‌వ్యూ దారి తెరిచాక అది ఓక్లీ వాగు వెంట సాగి వాయవ్యపు సైకిలు దారిలో కలిసింది. అక్కడ కుడికి తిరిగితే ఊళ్ళోకి వెళ్ళొచ్చు. వాడకం మానేసిన మోటారు రోడ్డు వంతెనకి గులాబి రంగు పూసి 2015 డిసెంబరులో సైకిళ్ళకీ పాదచారులకీ అప్పగించారు. పిల్లలతో వెళ్ళి చూడండి, ముచ్చటగా ఉంటుంది. ఎడమకి తిరిగితే తె అటాటు వైపు, సముద్రం మధ్య కట్ట మీద ప్రయాణం. నాకు ఆ వైపే ఇష్టం. అక్కడి మడచెట్లని చూస్తే మన నిజాంపట్నం గుర్తొస్తుంది. కాని గాలి తరచు పడమటి వైపు నుంచి వీస్తుంది. వెళ్ళేటప్పుడు ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి నెట్టేస్తున్నట్టుంటుంది.

ఒక ఆదివారం ఆ ఎదురుగాలి గొడవంతా అమ్మకి ఫోనులో చెబుతున్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "మీ నాన్నగారు కూడా కాలవగట్టు మీద ఎదురుగాలి అనేవారు" అంది.

మా నాన్నగారు హైస్కూల్లో తెలుగు మాస్టారు. రోజూ కాలవగట్టు మీద అయిదు మైళ్ళు వెళ్ళి, అయిదు మైళ్ళు వచ్చేవారు. చెమటతో తడిసిన ఆయన చొక్కా వీపు చూస్తే నాకు చిన్నతనంగా ఉండేది. 1997లో నాకు ఉద్యోగం రాగానే అప్పు చేసి మరీ ఆయనకి స్కూటరు కొన్నాను. అదే రోజు ఆయన సైకిల్ని పాత ఇనపసామాన్లవాడికి ఎనభై రూపాయలకి ఇచ్చేశాను. ఆయన్ని అడగలేదు. సాయంత్రం వచ్చి ఖాళీ గోడ చూసి, "సరేలే" అన్నారు. ఆయన కష్టం తీర్చానని చాలా ఏళ్ళు గర్వపడ్డాను. 2011లో ఆయన పోయినప్పుడు కూడా అది తలుచుకునే ఊరట పొందాను.

"సైకిలు మీద వస్తున్నంతసేపూ పద్యాలు పాడుకుంటూ వచ్చేవారురా. లాకుల దగ్గర ఆగి నలుగురితో మాట్లాడి వచ్చేవారు. వీధి మలుపులో గొంతు వినపడగానే నేను పొయ్యిమీద కాఫీకి నీళ్ళు పెట్టేదాన్ని. స్కూటరొచ్చాక పాడటం మానేశారు. ఆ చప్పుళ్ళో ఏం పాడతారులే" అంది అమ్మ.

నిష్ఠూరంగా అనలేదు. మామూలుగా చెప్పి, పిల్లల చదువుల సంగతిలోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. నేను తీసేసింది కష్టమే అనుకున్నాను. రోజులో ఆయన తనకోసం ఉంచుకున్న రెండు గంటలు కూడా దాంతోపాటే పోయాయని తోచలేదు. బడికీ ఇంటికీ మధ్య ఆయన్ని ఎవరూ ఏమీ అడగని సమయం అదొక్కటే కాబోలు. ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేది.

మరుసటి ఆదివారం కట్ట చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. వెన్నుగాలి. తొక్కకుండానే సైకిలు పోతోంది. కొంత దూరం వచ్చాక గమనించుకుంటే నోట్లో ఏదో పద్యం ఆడుతోంది. ఆయన పాడేదే. రెండు పాదాలే వచ్చు, మిగతావి మర్చిపోయాను.

ఏడాది తర్వాత నా అంకె 39కి దిగింది. సైకిలు ఒక్కటే చేసిందని అనను. రాత్రిపూట అన్నం మాన్పించిన మా శ్రీమతికి సగం వాటా ఉంది. ఆఫీసుకి ఇప్పటికీ కారులోనే వెళతాను. సైకిలు ఆదివారాలకీ, ఎండాకాలపు సాయంత్రాలకీ మాత్రమే.

మన సంఘంలో నలభై దాటిన సోదరులకీ సోదరీమణులకీ ఒక విన్నపం. ముందు డాక్టరుకి చూపించుకోండి. సీటు ఎత్తు సరిచేయించుకోండి. వెనక ఎర్రదీపం పెట్టుకోండి. మనవాళ్ళు చూస్తే ఏమనుకుంటారో అన్న బెంగ ఒక్కటి ఇంట్లో వదిలి రండి, దాని బరువు ఏ గేరుకీ తగ్గదు. ఊళ్ళో పెద్దవాళ్ళుంటే, వాళ్ళ పాత వస్తువు ఏదైనా తీసేసేముందు ఒక్కసారి అడగండి.

మన ఉగాది ఇక్కడ ఆకురాలే కాలంలో వస్తుంది. దారంతా తడి ఆకులుంటాయి, బ్రేకు మెల్లిగా వెయ్యండి. ఆదివారం పొద్దున తె అటాటు కట్ట మీద పాత లాగు వేసుకుని, సగం పద్యం పాడుకుంటూ ఎవరైనా ఎదురైతే అది నేనే. బెల్లు కొట్టండి, ఆగుతాను. మిగతా రెండు పాదాలు మీకు వచ్చేమో చూద్దాం.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.