ఆటోనగరులో పుస్తకములు

బెజవాడలో బెంజిసర్కిలు దాటి బందరురోడ్డున సాగినచో పటమట వచ్చును. దాని నానుకొనియే ఆటోనగరు కలదు. మోటారు మరమ్మతుల పనివారందరికి ఒకచో తావు కల్పించుటకై 1960ల దశకమున వెలసిన పేట యిది. అచ్చట ఆడువారికి చూడదగినదేమున్నదని మా యింటివారు నవ్విరి. అయినను మేము మువ్వురము పోయితిమి.

వీధి కిరుప్రక్కల రేకులషెడ్లు. ఒకచో లారీకి బాడీ కట్టుచుండిరి; ఒకచో వెల్డింగు మెరుపులకు మేము కన్నులు మూసికొనవలసివచ్చెను. డీజిలువాసనకు మాలో నొకరికి తల తిరిగెను. ఒక పెయింటరు లారీ వెనుకతలుపుపై గుండ్రని తెలుగక్షరములు దిద్దుచుండగా, మసిబట్టల కుర్రవాడొకడు రంగుడబ్బా పట్టుకొని, ఒక్కొక్క అక్షరమును కూడబలుకుకొనుచు నిలిచియుండెను. వాని కదియే వాచకము కాబోలు!

వీధిచివర టిఫినుబండి నడుపు నొక యిల్లాలు మాకు ఇడ్లీలు పెట్టెను. ఆరవతరగతి చదువు నామె కూతురు బల్లక్రింద మూడు పుస్తకములు దాచుకొనియుండెను: అట్ట లూడిన చందమామ, అమర్ చిత్రకథ తెలుగుప్రతి, యంత్రములనుగూర్చిన యొక పాతపుస్తకము.

"ఎప్పుడు చూచినా ఇవేనమ్మా! వీటిని పాతకాగితాలవాడికి వేసి పరీక్షల గైడు కొందామని మా ఆయన పోరు. మీరైనా చెప్పండి" అని తల్లి మొరపెట్టుకొనెను.

మేము చెప్పకముందే పిల్ల మమ్ము తండ్రి పనిచేయు షెడ్డునకు తీసికొనిపోయెను. గోడపై గేరుబాక్సు పటము వ్రేలాడుచుండెను. భాగములన్నియు విడివిడిగా, ఒక్కొక్కదానికి నంకె వేసి. పిల్ల వ్రేలుంచి వరుసతప్పక చూపుచుపోయెను. ఎట్లు నేర్చితివని యడుగగా, "బొమ్మలకథలో గడి తరువాత గడి చూడమా అండీ? ఇదీ అంతే" అనెను. రేడియేటరులో నీరెందుకనగా, ఇంజిను వేడిని నీరు మోసికొనివచ్చి గాలికి విడుచునని చెప్పెను; అది మూడవపుస్తకములోని మాట. మరి బేతాళకథ దేనికి? ప్రశ్న వచ్చినచోట పుస్తకము మూసి, జవాబు తానే చెప్పుకొని, ఆపైన పుట త్రిప్పునట. తండ్రి చేతిలోని స్పానరు క్రింద పెట్టి వినుచుండెను. షెడ్డులోని సహాయకుడు గేరుబాక్సు విప్పగలడు గాని ఆ పటము చదువలేడని ఆయనయే మాకు చెప్పెను.

మనయిండ్లలో కథలు కాలక్షేపమనియు, బొమ్మలు పసితనమనియు, శాస్త్రపుస్తకములే చదువనియు వేరువేరు అరలు చేసికొంటిమి. ఈ సీమలో పెద్దలట్లు చేయలేదు. పెనుగంచిప్రోలునందు జన్మించిన భండారు అచ్చమాంబగారు కథలును వ్రాసిరి, 1901లో స్త్రీల చరిత్రల గ్రంథమును వెలువరించిరి. వారి తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పి చరిత్రలను, శాస్త్రములను తెలుగున అచ్చువేయించిరి; నవలలను త్రోసిపుచ్చలేదు. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదపాలెమునుండి పుస్తకములను పడవ కెక్కించి కాలువగట్టు పల్లెలకు పంపిరి. పుస్తకము మనయొద్దకే వచ్చుటయన్న నెంత వింత! చందమామను 1947 జులైలో మదరాసున ఆరంభించిన వారిలో చక్రపాణిగారు తెనాలివారే. ఆ పత్రిక నేడు లేదు గాని, దాని పాతసంచికలు మాత్రము ఇట్లు బల్లలక్రింద బ్రతికియున్నవి. సోవియటు దేశమునుండి చవుకగా వచ్చుచుండిన తెలుగు బాలపుస్తకములు ఆ దేశము 1991లో చీలిపోయినతోడనే రాకమానినవి. పెరెల్మాన్ భౌతికశాస్త్రమును తెలుగున చదివినవారు నేటికిని ఆ ధరను తలచి నిట్టూర్చుచుందురు.

గైడు వలదని మే మనలేదు. పరీక్ష యున్నది, తల్లి భయమును ఉన్నది. గైడు కొనుటకై తక్కిన మూటిని అమ్మవలదని మాత్రము చెప్పితిమి. తండ్రి యేమియు అనక పటముకడకు పోయి, సహాయకుని పిలిచి, పిల్లవలెనే వ్రేలుంచి చూపసాగెను.

బెజవాడ పుస్తకప్రదర్శన 1989లో ఆరంభమైనది, జనవరిమాసమున జరుగుచుండును. బహుకాలము స్వరాజ్యమైదానమున నడచి, అచ్చట అంబేద్కరుగారి 125 అడుగుల విగ్రహనిర్మాణము మొదలైనపిమ్మట వేరు స్థలములకు మారినది. ఆ సంగతి చెప్పగా, ఈమారు ఒక సాయంకాలము బండి మూసి పిల్లను తీసికొనిపోవుదునని తల్లి యనెను. "ఎంత తీసికొని పోవలెనమ్మా?" అని మమ్మడిగెను. పాతపుస్తకముల అంగళ్ల కైన కొలదియే చాలునని చెప్పితిమి. పిల్ల అప్పుడే చందమామ వెనుకయట్టపై పెన్సిలుతో కావలసిన పుస్తకముల జాబితా వ్రాయనారంభించెను.