తలదాచుకొన్న దినములు

చదువరులలో మా వీధివారెవరైన నుండినచో వారికి ముందుగా నొక సంగతి విన్నవింపవలయును. మొన్నటి మాఘమాసమున మేము తిరుపతికి పోలేదు. నాలుగు దినములు ఊర లేకుండుట నిజము. బోడితలతో తిరిగివచ్చుట నిజము. చేతిలో లడ్లసంచి యుండుటయు నిజమే. కాని మేము పోయినది హైదరాబాదునకు. తలనీలములు సమర్పించుటకు గాదు. తల వెనుకనున్న వెండ్రుకలను తీయించి ముందువైపున నాటించుకొనుటకు.

మాకు నలువదియాఱేండ్లు. ముప్పదవయేటనే మా నుదురు పైకి ప్రాకనారంభించినది. ఈ విషయమున మేము చింతలేని వారమని నలుగురిలో చెప్పుకొనుచుండెడివారము. స్త్రీల యలంకారవ్యామోహమును ఖండించుచు రెండు సభలలో ఉపన్యసించియు నుంటిమి. ఆ సభలకు బయలుదేఱుటకు ముందు అద్దము నెదుట నిలిచి, ఎడమచెవిమీది నాలుగు పోగులను నీటితో తడిపి కుడిచెవివఱకు ఎట్లు పఱచెడివారమో మాకును మా యద్దమునకును తెలియును. పోయిన సంవత్సరము మా యమ్మాయిని బడినుండి తీసికొని వచ్చుటకు పోగా, వాకిటి కావలివాడు "మనుమరాలి కొఱకా, తాతగారూ?" అని మర్యాదగనే యడిగెను. పిల్ల నవ్వినది. మేమును నవ్వితిమి. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఈ చికిత్సలోని కిటుకు చాల చిన్నది. మగవారి బట్టతలకు వంశమును, దేహములోని పురుష హార్మోనును కారణములు. నుదుటిపైనను నడినెత్తినను ఉన్న కుదుళ్లు దానికి లొంగి సన్నగిలిపోవును. తల వెనుకభాగమున నున్నవి సామాన్యముగ లొంగవు. జపానులో ఒకుడా అను వైద్యుడు 1939లోనే కుదుళ్లను చర్మముతో తీసి వేఱుచోట నాటిన విధమును ప్రకటించెను. న్యూయార్కులో నార్మన్ ఓరెంట్రైక్ అను వైద్యుడు 1952లో బట్టతలపై ఇట్లు నాటి, 1959లో తన వ్యాసమును వెలువరించెను. ఎక్కడ నాటినను వెండ్రుక తాను పుట్టిన చోటి గుణమునే నిలుపుకొనునని ఆయన కనిపెట్టిన సంగతి. నేటి వైద్యమంతయు దానిమీదనే నిలిచియున్నది.

ఉదయము 8 గంటలకు మా తల గొఱిగిరి. వైద్యుడు నుదుటిపై నొక గీత గీసెను. పిమ్మట తిమ్మిరిసూదులు గ్రుచ్చిరి. పడిన బాధయంతయు ఆ సూదులదే. మిల్లీమీటరునకు మించని వాయిగల గొట్టపుసూదితో ఒక్కొక్క కుదురును తొలిచి, చల్లని ద్రవములో నిలువచేసి, సన్నని గంట్లలో నాటుచు సాయంకాలము 5 గంటల వఱకు పనిచేసిరి. కుదురునకు ఒకటి మొదలు నాలుగు వెండ్రుకల వఱకు ఉండునట. మాకు నాటినవి 2,400 కుదుళ్లు, పుచ్చుకొన్నది రూ. 84,000.

ఇచ్చట నొకమాట చెప్పక తప్పదు. గీత గీసిన వైద్యుడు మరల మధ్యాహ్నభోజనానంతరము గాని మాకు కనబడలేదు. నడుమ మా తలపై పనిచేసినవారు ఇద్దఱు కుఱ్ఱవాండ్రును ఒక పిల్లయును. కార్యశాలలలో చూచుటగాని యూట్యూబులో చూచుటగాని ఇట్టి శస్త్రచికిత్సకు తగిన శిక్షణ కాజాలదని జాతీయ వైద్య కమిషన్‌వారు 2022లో చెప్పవలసివచ్చినది. అట్లు చెప్పవలసివచ్చెననగా దేశములో ఏమి జరుగుచున్నదో ఊహింపవచ్చును. మేమా సంగతిని ముందుగా చదివియే యుంటిమి. చదివియు, ధర కొంత తక్కువయని పోయితిమి. అంగడిలో వంకాయను త్రిప్పి త్రిప్పి చూచి కొను మేము, మా తలపై కత్తిపట్టు వాడెవడని యడుగలేదు. మాకు కీడు జరుగలేదు. అది మా వివేకము వలన మాత్రము గాదు.

వచ్చునప్పుడొక చీటి యిచ్చిరి. పది దినములు నాటినచోట చేయి తగులరాదు. బోరగిల పండుకొనరాదు; మెడక్రింద దిండు పెట్టుకొని సగము కూర్చున్నట్లు నిద్రింపవలయును. మెలకువగా నున్నంతసేపు గంటకొకసారి ఉప్పునీటిని తుంపరగా చిమ్ముకొనవలయును. వంగరాదు, ఎండకు పోరాదు, బరువెత్తరాదు. ఇవన్నియు మాకు సాధ్యముగనే తోచినవి. మా తల్లిగారికేమి చెప్పవలయునను ప్రశ్నకు మాత్రము చీటిలో జవాబు లేదు. దానికి జవాబు మేము ముందే సిద్ధపఱచుకొంటిమి గదా! మా గృహిణి వలదని మూడుసార్లు చెప్పినది. వినలేదు.

తిరుపతికనగానే మా తల్లిగారు పసుపుగుడ్డలో రూ. 1,116 ముడుపుకట్టి మా చేతికిచ్చిరి. మనుమరాలికి జ్వరము వచ్చినప్పుడు మ్రొక్కుకొన్న ముడుపది, హుండీలో వేయుమనిరి. ఆ ముడుపు మాతో హైదరాబాదు వచ్చి, శస్త్రచికిత్స జరుగుచున్నంతసేపు మా సంచిలో కూర్చుండి, మాతోనే మరలివచ్చినది. లడ్లు మాత్రము హిమాయత్‌నగరములో తిరుపతి దేవస్థానమువారి యాలయమున కొంటిమి. అవి నిజమైన ప్రసాదమే గనుక అబద్ధము సగమే యని మాలో మేము లెక్కవేసికొంటిమి. గౌతమీ ఎక్స్‌ప్రెస్సులో ఎదుటి బల్లపై కూర్చున్న ముసలాయన మా టోపీక్రింది బోడితలను చూచి చేతులు జోడించెను. మేమును జోడించితిమి.

రాజమహేంద్రవరములో దిగునప్పటికి మూడవదినము. తలకెక్కించిన మందునీరు క్రిందికి దిగి నుదురు పొంగినది. మధ్యాహ్నమునకు కనురెప్పలు మూతపడినవి. ఇది నాలుగైదు దినములలో తీయునని చీటిలోనే యున్నది. మా తల్లిగారు చీటి చదువలేదు. కొండమీద ఎవరి దృష్టియో తగిలినదని ఉప్పుమిరపకాయలు దిగదుడిచిరి. లడ్లను చిదిపి వీధివీధియంతయు పంచిరి. అందఱును కన్నులకద్దుకొని తినిరి. మేము పడకకుర్చీలో వ్రాలి, ఉబ్బిన కన్నుల సందునుండి దీనినంతయు చూచుచుంటిమి.

ఆ సాయంకాలము కునుకుపట్టినది. ఏదో చల్లని వాసన వచ్చి కన్ను తెఱచితిమి. మా తల్లిగారు గంధము తీసి గిన్నెలో పట్టుకొని, మూడువ్రేళ్లతో ముంచి, మా తలపై పూయుటకు చేయి చాచియున్నారు. గుండు చేయించుకొని వచ్చిన బిడ్డకు గంధము పూయని తల్లి యెవరు? "ముట్టకు!" అని కేకవేసితిమి. మా జన్మములో ఆమెపై అట్లు కేకవేసి యెఱుగము. గిన్నె క్రిందపడినది. అప్పుడామె వంగి తలను చూచిరి. నుదుటినుండి నడినెత్తివఱకు వరుసలు వరుసలుగ ఎఱ్ఱని చుక్కలు, కట్టుచున్న పక్కులు. అమ్మవారు పోసినదేమోయని ఆమె ముఖము తెల్లబోయినది. ఇక దాచుట మా వలన గాలేదు. అన్నియు చెప్పితిమి.

ఆమె కొంతసేపు మాటలాడలేదు. "వెండ్రుకలు నాటించుకొంటివా? నాటించుకొనుము. ఎవరు వలదనిరి? స్వామి పేరెందుకు చెప్పితివిరా నాయనా?" అనిరి. మఱికొంతసేపటికి, "నా ముడుపేది?" అనిరి. సంచిలోనుండి తీసి యిచ్చితిమి. పసుపుగుడ్డ ముడి అట్లేయున్నది. ఆమె దానిని కన్నులకద్దుకొని దేవునిగూటిలో పెట్టి, రెండు దినములు మాతో మాటలాడలేదు. ఆ రెండు దినముల వాపు కంటిది గాదు.

మూడవరాత్రి మా గృహిణి అలసి నిద్రపోయినది. మేము చీకటిలో సీసాకై తడవుకొనుచుండగా మా తల్లిగారు వచ్చి సీసా తీసికొని మెల్లగ నీరు చిమ్మిరి. చిమ్ముచు నీలాదేవి కథ చెప్పిరి. పశులకాపరి గొడ్డలిదెబ్బ తగిలి స్వామి తలమీద కొంత మేర వెండ్రుకలు పోగా, గంధర్వకన్యయైన నీలాదేవి చూచి, తన కురులు కోసి యచ్చట నిలిపెనట. తలనీలములిచ్చుట అందువలననే యని చెప్పుదురు. మేము చిన్ననాట వేయిసార్లు విన్న కథయే. ఇందులోనిది మా చికిత్సయేయని ఏనాడును తోచలేదు.

పిమ్మట ఆమె మా పెద్దమామ్మ సంగతి యెత్తిరి. ఆమె మా తాతగారి యక్కగారు. వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతువివాహము జరిపించినది ఈ యూరనే. ఆ తరువాత నలువది సంవత్సరములు దాటియు, ఇదే యూర, పదునైదేండ్ల మా పెద్దమామ్మకు భర్త పోగా మంగలిని పిలిచి తల గొఱిగించిరి. మేమామెను చూచునప్పటికి మాకు నాలుగైదేండ్లు. తెల్లని ముసుగు తప్ప మాకేమియు జ్ఞాపకము లేదు. మా తల్లిగారికి జ్ఞాపకమున్నది. నెలకొకసారి మంగలి పెరటిదారిని వచ్చెడివాడట. ఆ దినమున ఆమె ఎవరికిని కనబడెడిది కాదట. కొత్తకోడలుగా వచ్చిన మా తల్లిగారికి సాయంకాలము జడవేయునది మాత్రము ఆమెయేనట. అంత బిగువుగ, అంత నునుపుగ జడవేయువారు ఇంట మఱియొకరు లేరట. ముసుగు జారినప్పుడు రెండుచేతులతో తల కప్పుకొనెడిదట.

"ఆమె దాచుకొన్నదనిన అర్థమున్నది. నీకేమిరా?" అనిరి మా తల్లిగారు.

మేము జవాబు చెప్పలేదు. ఇప్పటికిని మాయొద్ద జవాబు లేదు. మఱునాడు టోపీ తీసి వసారాలో నీడను కూర్చుంటిమి.

తరువాతి దినములలో చెప్పదగినది తక్కువ. తలంటుట మా తల్లిగారి పనియైనది. పసిపిల్లల షాంపూను నీటిలో గిలకకొట్టి, నురుగును మాత్రము తలపై నిలిపి, చెంబుతో నీరు నెమ్మదిగ జాఱవిడిచెడివారు. పదవదినమునుండి పక్కులు నానిరాలసాగినవి. పదునాలుగవదినమునకు తల శుభ్రపడినది. నాటిన వెండ్రుకలు గడ్డివలె నిలిచియుండెను. మేము గంటకు రెండుసార్లు అద్దము చూచుకొంటిమి.

మూడవవారమున దిండుపై వెండ్రుకలు కనబడినవి. మొదట పది, మఱునాడు ముప్పది. స్నానమున చేతికి అంటుకొని వచ్చినవి. రూ. 84,000 కాలువలో పోవుచున్నవని వైద్యునకు ఫోనుచేసితిమి. ఆయన తొణకలేదు. నాటిన వెండ్రుకలలో చాల భాగము ఇట్లు రాలుట సహజమనియు, లోపల కుదురు పదిలముగ నుండి మూడునాలుగు నెలలకు క్రొత్త వెండ్రుకను పుట్టించుననియు, పూర్తి ఫలితమునకు సంవత్సరము పట్టుననియు చెప్పెను. ఇదియు చీటిలోనున్నదే. మాకు నమ్మకము కుదురలేదు. మా తల్లిగారు కోనసీమ రైతుబిడ్డ. "ఆకుమడిలోనుండి తీసి ఊడ్చిన పైరు వారము దినములు పచ్చబడి వ్రాలిపోదా? వేరు పట్టువఱకు గట్టుమీద కూర్చుండి ఏడ్చిన రైతును చూచితివా?" అనిరి. పైరున ఆకే తేరుకొనును, ఇచ్చట ఆకు పోయి వేరు మిగులును. ఉపమానము పూర్తిగ అతుకదని చెప్పబోయి ఊరకుంటిమి.

ఇప్పుడు అయిదవవారము. తల మునుపటికన్న బోడిగనున్నది. నిన్న మా తల్లిగారు దేవునిగూటినెదుట కూర్చుండి తీర్పు చెప్పిరి. "స్వామికిచ్చితినని నోటితో అంటివి. ఇయ్యవలసినదే. మొదటిపంట ఆయనది." అనగా వచ్చు మాఘమున, సంవత్సరము కాచుకొని, కానుకగ వచ్చిన వెండ్రుకలన్నిటిని కల్యాణకట్టలో కూర్చుండి తీయించుకొనవలయును. ముడుపు హుండీలో వేయవలయును; ఈసారి ఆమెయు వెంట వత్తురు. భయముతో వైద్యునడిగితిమి. ఆయన చాలసేపు నవ్వి, ఏడాది నిండిన పిదప నిశ్చింతగ గొఱిగించుకొనవచ్చుననియు, కుదురునకు కత్తి తగులదనియు, మరల పెరుగుననియు చెప్పెను.

ఈ యుదయము ప్రక్కయింటి పంతులుగారు గోడమీదుగ మమ్ము చూచి, "మీ మ్రొక్కు చక్కగ తీరినది గదా?" అనిరి.

"ఇంకను తీరలేదండి" అంటిమి.