పీఎఫ్, ఐపీఎఫ్‌డబ్ల్యూ, మధ్యలో మా ఇంటి వారబందీ

దాచేపల్లిలో మా ఇంటికున్నది ఒక్కటే కేబుల్ కనెక్షన్. దానిమీదే నా ఆఫీసు కాలు, తమ్ముడి కోచింగ్ క్లాసు, గుంటూరు యార్డులో మిర్చి రేటు కనుక్కునే నాన్న వాట్సాప్ కాలూను. ఎవరో ఒకరు పెద్ద ఫైలు అప్‌లోడ్ పెట్టారంటే మిగతావాళ్ళ గొంతులు ముక్కలు ముక్కలే. అందుకే మూలన పడున్న పీసీలో ఫ్రీబీఎస్‌డీ వేసి రూటర్ చేశాను. ఇక మిగిలింది పాత ప్రశ్నే: ఐపీఎఫ్‌డబ్ల్యూనా, పీఎఫ్‌నా?

ఐపీఎఫ్‌డబ్ల్యూ ఫ్రీబీఎస్‌డీ ఇంటి బిడ్డ. రూల్స్ నంబర్ల వరసలో చూస్తుంది, మొదట కలిసిన రూలుదే మాట. పీఎఫ్ పొరుగింటి నుంచి వచ్చింది. 2001లో ఐపీఫిల్టర్ లైసెన్సు గొడవతో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు దాన్ని తీసేస్తే డేనియల్ హార్ట్‌మయర్ రాసిన ఫిల్టర్ ఇది. ఇందులో చివర కలిసిన రూలు చెల్లుతుంది ('క్విక్' అని రాస్తే తప్ప). నా ఓటు దీనికే. ఆర్నెల్ల తర్వాత అర్ధరాత్రి తెరిచి చూసినా ఏం రాశానో అర్థమవుతుంది.

చిక్కల్లా ట్రాఫిక్ షేపింగ్‌తోనే. పీఎఫ్‌తో పాతకాలం నుంచీ వాడే ఆల్ట్‌క్యూలో ఎవరికెంత, ఎవరు ముందు అన్నది మనమే రాయాలి. జీతం తెచ్చేవాడి కాలే ముందు అంటారా? నాన్న కాల్ మీద ఏడాది పంట అమ్మకం ఉంది మరి! సాగర్ కుడి కాలువ కింద ఎగువ రైతులు తోడేసుకుంటే చివరి పొలాలకి ఏమవుతుందో పల్నాడులో ఎవరినడిగినా చెబుతారు. వారబందీ పెట్టేది అందుకే. ఇంట్లో నేను ఎగువ రైతునవ్వడం నాకిష్టం లేదు.

డమ్మీనెట్ ఇక్కడ పనికొచ్చింది. లుయీజీ రిజ్జో 1990లలో ప్రోటోకాల్స్ పరీక్షించడానికి రాసిందిది. 2016లో ఫ్రీబీఎస్‌డీ 11.0తో దీనిలోకి ఎఫ్‌క్యూ-కోడెల్ వచ్చింది. అది కనెక్షన్లని వేరువేరు క్యూల్లో పెట్టి వంతులవారీగా వదుల్తుంది. ఏ క్యూలోనైనా ఆలస్యం 5 మిల్లీసెకన్లు దాటి అలాగే 100 మిల్లీసెకన్లపాటు ఉంటే ప్యాకెట్లని పారేయడం మొదలెడుతుంది. ఎవరు గొప్ప అని మనల్ని అడగదు.

ఒక్కటి మాత్రం మర్చిపోకూడదు. లైను అప్‌లోడ్ 20 మెగాబిట్లైతే పైపుకి 18 ఇవ్వండి. లేకపోతే క్యూ మోడెమ్‌లోనే పేరుకుంటుంది, మన పెట్టె ఖాళీగా కూర్చుంటుంది.

ఇదివరకు డమ్మీనెట్ కావాలంటే ఐపీఎఫ్‌డబ్ల్యూ కూడా తెచ్చుకోవాల్సి వచ్చేది. 2023లో వచ్చిన 14.0 నుంచి పీఎఫ్ రూల్స్‌లోంచే ప్యాకెట్లని డమ్మీనెట్‌కి పంపొచ్చు. నేను తేల్చుకున్నది ఈ జోడీనే.

లోటు లేదని కాదు. వంతు కనెక్షన్‌కి గానీ మనిషికి కాదు. టోరెంట్ పెట్టి ఇరవై కనెక్షన్లు తెరిచినవాడికి ఇరవై వంతులు. లినక్స్‌లో 2018 నుంచీ ఉన్న 'కేక్' మనిషి లెక్కన కూడా పంచగలదు. దానికోసం మళ్ళీ ఓఎస్ మార్చే ఓపిక నాకు లేదు, అదృష్టం కొద్దీ మావాడికి టోరెంట్ల పిచ్చీ లేదు :)