ఐసు పెట్టెల దగ్గర మొదలుపెట్టమన్నాను

"నువ్వయినా చెప్పవే, నీ మాటయితే వింటుంది" అని మా అక్క ఫోను. అక్క కూతురు విజయవాడలో డిజైన్ చదువుతోంది. గాజులు తాకట్టు పెట్టి మరీ చేర్పించారు. ఆ పిల్లేమో స్నోబోర్డులు తయారుచేసే కంపెనీలోనే పనిచేస్తానంటోందట. అంటే రెండు కాళ్ళూ ఒకే చెక్కకి బిగించుకుని మంచు కొండల మీద జారతారే, ఆ చెక్కలు. మా గణపవరం వైపు మంచంటే చేపల పెట్టెల్లో పోసే ఐసే కదండీ!

సంక్రాంతికి వచ్చినప్పుడు అరిసెలు వత్తుతూ అడిగాను.

"మంచు ఎప్పుడైనా చూశావుటే?"

"లేదు పిన్నీ" అంటూనే ఫోను తీసి బోర్డుల మీది రంగుల బొమ్మలు చూపించింది. ఆ కళ్ళు చూశాక మానెయ్యమనడానికి నాకు నోరు రాలేదు.

ఆ రాత్రి నేనూ కాస్త చదివాను. 1965 క్రిస్మస్ నాడు అమెరికాలో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన ఆడపిల్లలు ఆడుకోవడానికి రెండు స్కీలు కలిపి బిగించి ఇచ్చాడట. దానికి 'స్నర్ఫర్' అని పేరు పెట్టింది ఆయన భార్య నాన్సీ. (పేటెంటు మాత్రం ఆయన పేరు మీదే!) 1977లో జేక్ బర్టన్ కార్పెంటర్ వెర్మాంట్‌లో బోర్డుల కంపెనీ పెట్టాడు. 1998కల్లా ఆ ఆట నగానో ఒలింపిక్స్‌కి ఎక్కింది.

బోర్డంటే బొమ్మొక్కటే కాదని కూడా తెలిసింది. లోపల చెక్క, పైనా కిందా ఫైబర్‌గ్లాసు, అంచుకి స్టీలు. ఇక బూట్లు, కోట్లు, గ్లౌజులు వేరే. ఇది బొమ్మల దగ్గరే ఆగిపోయిందనిపించింది.

మర్నాడు తెలిసినవాళ్ళ చేపల ప్యాకింగు షెడ్డుకి తీసుకెళ్ళాను. ఐసు దిమ్మలు మిషన్లో వేసి పొడిచేసి ట్రేలలో పోస్తున్నారు. రొయ్యలు ఏరే ఆవిడ చేతులకి ఏమీ లేవు.

"గ్లౌజు వేసుకుంటే రొయ్య పట్టు దొరకదమ్మా. వేళ్ళు తిమ్మిరెక్కితే వేణ్ణీళ్ళలో పెట్టుకుంటాం" అంది.

మా పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు చూసింది.

"ముందు ఈ చేతికి గ్లౌజు కుట్టవే" అన్నాను. "తడి లోపలికి పోకూడదు, పట్టు జారకూడదు, వేళ్ళు తిరగాలి. నీ మంచు కంపెనీవాళ్ళకి కావలసిందీ అదేగా. పాడైనవి కూడా ఫొటోలు తీసి నీ పనుల ఫైల్లో పెట్టు. ఒక్క కంపెనీకే రాసి కూర్చోకు. వానకోట్లవాళ్ళకీ, ఫ్యాక్టరీ గ్లౌజులవాళ్ళకీ కూడా రాయి. జీతం వస్తే అమ్మ గాజులు ఇంటికొస్తాయి."

అక్కకి కోపం వచ్చింది. "మాన్పించమంటే ఇంకా ఎగదోశావా?" అంది. ఆవిడ భయం ఆవిడది. తప్పనను.

ఉగాదికి మూడో జత కుట్టుకొచ్చింది. మొదటిది రెండో రోజుకే చిరిగిందట, రెండోదాంట్లోకి నీళ్ళు పోయాయట. ఈసారివి షెడ్డు ఆవిడ పొద్దంతా వేసుకుని చూసి, "ఎడమది బాగుంది పాపా. కుడిది బొటనవేలి దగ్గర బిగుతు" అంది. ఎడమది తన దగ్గరే ఉంచేసుకుంది. మా పిల్ల కుడిది విప్పి, పండగ పూట నా కుట్టుమిషను ముందు కూర్చుంది.