ఉప్పల్, నాచారం: చెరువుల పక్కన పర్యావరణ చదువు

హైదరాబాద్‌కు తూర్పున, మూసీ ఉత్తరపు ఒడ్డున ఉప్పల్ ఉంది. దానికి ఎగువన, ఉత్తరంగా నాచారం. ఇప్పుడు రెండూ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోవి. ఉప్పల్, కాప్రా మున్సిపాలిటీలు 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసేదాకా ఈ ప్రాంతం నగరానికి పొలిమేర. బయటివారికి ఉప్పల్ అంటే క్రికెట్ స్టేడియం, 2017 నవంబరులో మొదలైన మెట్రో, వరంగల్ రోడ్డు మీద ట్రాఫిక్. నాచారం అంటే ఫ్యాక్టరీ షెడ్లు, ఈఎస్‌ఐ ఆసుపత్రి. ఇవన్నీ రాకముందు ఈ నేలకు ఒక రూపాన్నిచ్చినవి చెరువులు, కుంటలు.

నాచారం పెద్దచెరువు, రామంతాపూర్ పెద్దచెరువు, చిన్నచెరువు, వరంగల్ రహదారిని ఆనుకుని ఉప్పల్ నల్లచెరువు: తెలంగాణ అంతటా ఉన్న గొలుసుకట్టు పద్ధతే ఇక్కడా కనిపిస్తుంది. ఎగువ చెరువు నిండితే అలుగు పారుతుంది, ఆ నీరు వాగుబాటన దిగువ చెరువుకు చేరుతుంది, చివరికి మూసీలో కలుస్తుంది. ఆయకట్టు ఇళ్ల స్థలాలుగా మారాక తూములతో పని లేకపోయింది. వాగులు నాలాలయ్యాయి. వేసవిలో ఎండిన శిఖం భూమిలో ప్లాట్లు వెలిశాయి. వాన నీటి బదులు ఏడాది పొడవునా మురుగు వచ్చి చేరడంతో చెరువుల మీద గుర్రపుడెక్క పరుచుకుంది. మొక్క పచ్చగా ఉంది కదా అని చూసేవారు పొరపడతారు. అది అంత ఏపుగా పెరిగిందంటే కింద నీటిలో నత్రజని, భాస్వరం మితిమీరి ఉన్నాయని అర్థం.

మూసీ వెంట కథ మరోలా నడిచింది. ఉప్పల్ భగాయత్, పీర్జాదిగూడ, పర్వతాపురం రైతులు దశాబ్దాలుగా నగరపు మురుగునీటితోనే పారాగడ్డి, ఆకుకూరలు పండించారు. నది మీద కత్వాలు (చిన్న ఆనకట్టలు) కట్టి నీటిని కాల్వలకు మళ్లించుకున్నారు. గడ్డి నగరంలోని పాడిపశువులకు వెళ్లేది. అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ పరిశోధకులు 2000ల్లో ఈ సాగును దగ్గర నుంచి గమనించారు. ఎండాకాలంలోనూ తగ్గని నీరు, ఎరువు ఖర్చులో ఆదా ఒక పక్క, పొలంలో దిగినవారికి చర్మవ్యాధులు, నులిపురుగులు మరో పక్క. ఇక్కడ కాలుష్యం కొందరికి జీవనాధారమైంది. మూసీని శుద్ధి చేస్తామని చెప్పే ఏ ప్రచారమైనా ఈ రైతుకు ఏం చెబుతుందో ముందు తేల్చుకోవాలి. భగాయత్ భూముల్లో చాలాభాగం ఇప్పుడు మెట్రో డిపోకు, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ లేఅవుటుకు పోయింది. 2019లో అక్కడే చిన్న శిల్పారామం తెరిచారు.

ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు ఊరికి దూరంగా ఉండాలన్న ఉద్దేశంతో వచ్చినవి. ఊరే వాటి చుట్టూ పెరిగింది. గోడకు ఇటు రసాయన పరిశ్రమ, అటు అపార్టుమెంటు ఉన్న వీధులు నాచారంలో కొత్తేమీ కాదు. రాత్రిపూట వచ్చే ఘాటు వాసన గురించి కాలనీ సంక్షేమ సంఘాలు ఫిర్యాదు చేస్తూనే ఉంటాయి. నాచారం పారిశ్రామికవాడలో కాలుష్య నియంత్రణ మండలి గాలి నాణ్యతను నిరంతరం కొలిచే కేంద్రాన్ని పెట్టింది. ఆ అంకెలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. వాటిని చూసి అర్థం చేసుకోవడం నేర్పే పాఠం మాత్రం బడిలో అరుదు.

ఈ ప్రాంతంలో విద్యకు, కొలతకు కొరత లేదు. ఉప్పల్ రోడ్డు మీద 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ భూగర్భజలాలను పరిశీలిస్తుంది. దాని పొరుగున ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వన్యప్రాణుల సంరక్షణకు అత్తాపూర్‌లో లాకోన్స్ అనే ప్రత్యేక ప్రయోగశాలను నడుపుతోంది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ 1967 నుంచి దేశమంతటి సర్వేయర్లకు పటాలు తయారుచేయడం నేర్పుతోంది. చెరువు హద్దు ఎక్కడన్న తగవు తెగని ప్రాంతంలో పటాలు గీయడం నేర్పే జాతీయ సంస్థ ఉండటం విచిత్రమే. భూభౌతిక సంస్థ, సీసీఎంబీ వంటి సీఎస్‌ఐఆర్ సంస్థలు 2017లో మొదలైన ‘జిజ్ఞాస’ కింద బడిపిల్లలను ప్రయోగశాలలకు ఆహ్వానిస్తున్నాయి. ప్రహరీ బయటికి వచ్చి పక్క వీధి బోరు నీటిని పిల్లలతో పరీక్ష చేయించే కార్యక్రమాలే పెరగాలి.

బడిలో పర్యావరణ విద్యకు మూలం కోర్టు తీర్పు. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న దాన్ని అన్ని స్థాయుల్లో తప్పనిసరి చేయాలని చెప్పింది. సినిమా హాళ్లలో ప్రతి ఆటకూ పర్యావరణం మీద స్లైడ్లు ఉచితంగా వేయాలనీ, అది లైసెన్సు షరతుగా ఉండాలనీ అదే తీర్పులో ఉంది. ఎన్.టి. రామారావు రామకృష్ణా స్టూడియో ఉన్న నాచారానికి నప్పే షరతే. ఆ స్లైడ్లు గుర్తున్న ప్రేక్షకులు ఎంతమందో! బడుల్లో పని కొంత మెరుగు. 2001–02లో కేంద్రం జాతీయ హరితదళం ప్రారంభించి, ఒక్కో ఎకో క్లబ్‌కు ఏటా నిధులిచ్చింది; ఆ మొత్తం తర్వాత రూ.2,500 నుంచి రూ.5,000కు పెరిగింది. పదో తరగతి పిల్లలకు పర్యావరణ విద్య పుస్తకం ఉంది. అందులో పాఠాలు చాలావరకు ప్రాజెక్టు పనులే: పరిసరాలు చూడటం, పెద్దలను అడగడం, నివేదిక రాయడం. పరీక్షల ఒత్తిడిలో ముందు పక్కకు పోయేదీ అదే.

మొక్కలు నాటడం, ర్యాలీ, వ్యాసరచన పోటీ: ఎకో క్లబ్ పని చాలాచోట్ల ఇక్కడితో ఆగుతుంది. 2015 జులైలో రాష్ట్ర ప్రభుత్వ హరితహారం మొదలయ్యాక నాటే పనికి ఊపు వచ్చింది. అదే ఏడాది తడి, పొడి చెత్తకు వేర్వేరు డబ్బాలిచ్చి, ఇంటి ముందుకు స్వచ్ఛ ఆటోలు పంపారు. పిల్లలు బడిలో విన్నది ఇంట్లో చెప్పి అమ్మానాన్నలతో చేయించగలిగిన పనుల్లో ఈ చెత్త వేరుచేయడం ముందుంటుంది. అయితే ఉప్పల్, నాచారాలకు చెట్టు కంటే ముందు నేర్పాల్సింది నీటి దారి.

ఆ సంగతి 2020 అక్టోబరు 13 రాత్రి తెలిసింది. సమీపంలోని ఘట్‌కేసర్ సింగపూర్ టౌన్‌షిప్‌లో ఒక్కరోజులో 32 సెం.మీ. దాటి వాన కురిసింది. రామంతాపూర్ చెరువులు పొంగి, హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ 8, రవీంద్రనగర్ వంటి కాలనీలు దీవులయ్యాయి. నీరు తీయడానికి రోజులు పట్టింది. మేడ మీదికి చేరినవారికి పడవల్లో పాలు, తిండి అందాయి. వరద తన పాత వాగుబాటనే వెతుక్కుంది. ఆ బాట ఎక్కడ ఉండేదో పాతకాపులకు తెలుసు, కొత్తగా ఇల్లు కొన్నవారికి తెలియదు.

జనంలోకి నిజంగా వెళ్లిన ప్రచారం పండుగల ద్వారా వెళ్లింది. వినాయక విగ్రహాలకు వాడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీటిలో తొందరగా కరగదు, రంగుల్లోని భార లోహాలు అడుగున చేరతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జనంపై మార్గదర్శకాలిచ్చింది, 2020లో వాటిని కట్టుదిట్టం చేసింది. హెచ్‌ఎండీఏ, పీసీబీ ఏటా మట్టి గణపతులను ఉచితంగా పంచుతున్నాయి. నల్లచెరువులో ప్రధాన చెరువు నీటిలో కలవకుండా నిమజ్జనానికి వేరే చిన్న కొలను కట్టారు. ఇంటి విగ్రహాల విషయంలో మార్పు కనిపిస్తోంది. మండపాల పోటీలో ఎత్తే ఇంకా గెలుస్తోంది. బతుకమ్మ సంగతి వేరు. తంగేడు, గునుగు ఒకప్పుడు ఈ చెరువుగట్ల మీదే దొరికేవి, ఇప్పుడు బయటి ఊళ్ల నుంచి అమ్మకానికి వస్తాయి. పూలు నీటిని శుద్ధి చేస్తాయన్న మాట ఏటా వినిపిస్తుంది. మురుగు ఆగని చెరువును ఏ పువ్వూ బాగుచేయలేదు.

మురుగు ఆపే పని యంత్రాలది. మూసీ కాలుష్య నివారణ పథకం కింద నల్లచెరువు దగ్గర రోజుకు 30 మిలియన్ లీటర్ల (ఎమ్మెల్డీ) శుద్ధి కేంద్రం వచ్చింది. నగరానికి 2021లో మంజూరైన 31 కొత్త కేంద్రాల్లో నల్లచెరువుకు 86.5, నాచారం పెద్దచెరువుకు 17.5 ఎమ్మెల్డీ సామర్థ్యం కేటాయించారు. చెరువుల రక్షణకు ప్రభుత్వం ఏర్పాటుచేసిన హైడ్రా తొలి విడత పునరుద్ధరణకు ఎంచుకున్న ఆరు చెరువుల్లో ఉప్పల్ నల్లచెరువు ఒకటి. నిబంధన ప్రకారం 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్. ఆ గీతలున్న పటాలను సర్వే నంబర్లతో సహా హెచ్‌ఎండీఏ అందరూ చూసేలా పెడుతోంది. పదో తరగతి ప్రాజెక్టుకైనా, ప్లాటు కొనే ముందు విచారణకైనా అవే పనికొస్తాయి.